తవ్వకం మేడమ్

పోయిన నెల గుంటూరు పట్నంబజారులో ఎర్తింగ్ పనికి ఇనప పట్టీలు ఏరుకుంటున్నాను. కొట్టాయన నా వెనకే నిలబడి మాటల మధ్యలో, "మీ తవ్వకం మేడమ్ పోయారంట గదండీ. ఒంగోల్లో. పది రోజులైందంట, మీకు తెలీదా?" అన్నాడు.

తెలీదు. చేతిలో ఉన్న పట్టీ కింద పెట్టాను. మళ్ళీ తీశాను. ఏ సైజు కోసం వచ్చానో నాకే గుర్తు రాలేదు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ఎవరు, మీ లైసెన్సు పోగొట్టినావిడేనా?" అంది. నా లైసెన్సు పోగొట్టుకున్నది నేనే. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఇంట్లో కూడా సరిగ్గా చెప్పలేదని అప్పుడు తోచింది.

తొంభైల చివర్లో ఆమె విద్యుత్ తనిఖీ శాఖ అధికారిగా గుంటూరు వచ్చారు. పత్తి మిల్లుకైనా, మిర్చి కోల్డ్ స్టోరేజీకైనా పెద్ద కరెంటు సర్వీసు ఇవ్వాలంటే ముందు ఆమె చూసి సంతకం పెట్టాలి. నేను ముప్ఫై ఏళ్ళ వాణ్ణి. కాంట్రాక్టరు లైసెన్సు తెచ్చుకుని నాలుగేళ్ళు. మిల్లులో మెషీన్ల ఇనప ఒళ్ళన్నిటినీ కలిపి, ఒక పట్టీతో తీసుకెళ్ళి, భూమిలో పాతిన గొట్టానికి కలపడం మా పనిలో ఒక భాగం. లోపల తీగ చెడి మెషీన్ ఒంట్లోకి కరెంటు దిగితే, అది ఆ పట్టీ గుండా పోవాలి. అంత కరెంటు ఒక్కసారిగా పారేసరికి ఫ్యూజు కొట్టేస్తుంది. మనిషి బతుకుతాడు. ఆ పట్టీ ఎంత లావు ఉండాలన్నదే ఆమె పట్టింపు. మిగతా ఆఫీసర్లు నేల పైన కనబడే మూరెడు కొలిచి వెళ్ళిపోయేవారు. ఆమె తవ్వించేవారు. అందుకే మా కాంట్రాక్టర్లమంతా చాటుగా ఆ పేరు పెట్టుకున్నాం.

పొట్టి మనిషి. నూలుచీర కాస్త ఎత్తుగా కట్టుకుని, రబ్బరు అడుగున్న మందపాటి చెప్పులు వేసుకునేవారు. ఇనుము ఏది ముట్టుకోవలసి వచ్చినా ముందు చెయ్యి తిప్పి, వేళ్ళ వెనక వైపు తాకించేవారు. అరచెయ్యి పెడితే షాక్ తగిలినప్పుడు వేళ్ళు ముడుచుకుని దాన్నే పట్టుకుంటాయి, వెనక వైపైతే చెయ్యి విసిరేస్తుంది. మిల్లులో అయితే అర్థం ఉంది. బస్సెక్కేటప్పుడు కడ్డీనీ, ఆఫీసులో బీరువా పిడినీ కూడా అలాగే తాకేవారు. గుమాస్తాలు నవ్వుకునేవాళ్ళు. ఆమెకు తెలిసినట్టు లేదు.

మిల్లు ఓనర్లకు ఆమె అస్సలు అంతు పట్టేవారు కాదు. నిజాయితీ గల ఆఫీసరంటే మంచినీళ్ళు కూడా ముట్టరని వాళ్ళ లెక్క. ఈమె టీ ఇస్తే తాగి, ఇంకోటి అడిగేవారు. భోజనం పెడితే కూర్చుని తృప్తిగా తిని, గోంగూర ఎవరు నూరారో కనుక్కుని మరీ మెచ్చుకునేవారు. ఆ తర్వాత చెయ్యి కడుక్కుని, "ఎక్కడ తవ్వుదాం?" అనేవారు. ఒకాయన ఉండబట్టలేక, "ఏందండీ మేడమ్, అన్నం తిని కూడా..." అన్నాడు. "ఆకలేసింది, తిన్నాను. దానికీ దీనికీ ఏం సంబంధమండీ?" అన్నారు. నిజంగానే ఆమెకు సంబంధం కనబడలేదు.

షెడ్డులోకి అడుగు పెట్టగానే ఆమె ముందు చూసేది మెషీన్లను కాదు, పనివాళ్ళ కాళ్ళను. ఎంతమందికి చెప్పులున్నాయి, ఎంతమంది వట్టికాళ్ళతో ఉన్నారు, నేల పొడా, తడా. ఆ తర్వాతే నోట్‌బుక్ తీసేవారు.

నాకు ఆమె మొదటిసారి తగిలింది చిలకలూరిపేట దాటాక ఒక జిన్నింగ్ మిల్లులో. నవంబరు నెల. రేడియోలో వాయుగుండం అంటున్నారు. ఆవరణ నిండా పత్తి కుప్పలు. కొత్త సర్వీసు ఆ రోజు వస్తేనే మెషీన్లు తిరుగుతాయి. లేకపోతే వాన పత్తి మీద పడుతుంది. ఓనరు పొద్దుటి నుంచి ఆకాశాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు.

డ్రాయింగ్‌లో యాభై మిల్లీమీటర్ల వెడల్పు, ఆరు మందం పట్టీ వెయ్యమని ఉంది. నేను నేల పైన కనబడే మూరెడు అదే పెట్టాను. నేల లోపల పాతిక వెడల్పు, మూడు మందం పట్టీ అతికించి పూడ్చేశాను. ఆ రోజుల్లో చాలామంది అలాగే చేసేవాళ్ళం. మట్టిలో ఉన్నదాన్ని ఎవరు చూస్తారన్న ధైర్యం.

ఆమె ప్యానెల్ చూశారు, ట్రాన్స్‌ఫార్మర్ చూశారు, షెడ్డు వెనక్కి ఒక్కరే వెళ్ళి వచ్చారు. వచ్చి, "ఇక్కడ తవ్వించండి" అన్నారు.

ఓనరు చేతులు జోడించాడు. "అమ్మా, మబ్బు చూడండి ఎట్టా ఉందో."

"చూశానండీ. అందుకే త్వరగా తవ్వించమంటున్నాను."

"అంతా కరెక్టుగానే వేశాం మేడమ్" అన్నాను.

"షెడ్డు వెనక తుక్కులో కోసి పడేసిన ముక్కలున్నాయి. పాతిక, మూడు. మీ డ్రాయింగ్‌లో ఆ సైజు ఎక్కడా లేదు. మరి అవి ఏ పనికి తెచ్చారు?"

ఇద్దరు మనుషులు గునపాలు తెచ్చారు. నల్లరేగడి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. రెండడుగుల లోతులో అతుకు బయటపడింది. పైన అరచెయ్యంత పట్టీ, కింద వేలెడు పట్టీ. ఓనరు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

ఆమె అరవలేదు. బేళ్ళకు చుట్టే గుడ్డ ఒకటి లాగి, నేల మీద పరిచి, నన్ను పక్కన కూర్చోమన్నారు. "ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఫాల్ట్ వస్తే ఎంత కరెంటు పారుతుందో మీరే వెయ్యండి" అని పెన్ను నా చేతికిచ్చారు. వేశాను. ఏడువేల ఏడువందల ఆంపియర్లు వచ్చింది. "ఫ్యూజు పోవడానికి ఒక సెకను పడుతుందనుకోండి. ఆ సెకను సేపు కరగకుండా మొయ్యాలంటే ఇనుము ఎంత కావాలి?" అదీ వేశాను. తొంభై ఆరు చదరపు మిల్లీమీటర్లు. "మీరు పెట్టింది?" డెబ్బై అయిదు.

"అంటే ఫ్యూజు కంటే ముందు ఇదే పోతుంది. పోయాక మెషీన్ ఒంట్లో కరెంటు ఉంటుంది, దిగడానికి దారి ఉండదు. ఎవరు ముట్టుకుంటే వాళ్ళే దారి."

"డ్రాయింగ్‌లో మూడు వందలుంది మేడమ్. తొంభై ఆరు చాలినప్పుడు మూడు వందలెందుకు?" అన్నాను. ఇంకా ఎక్కడో గెలవాలన్న యావ నాకు.

"ఇవాళ చాలు. గుంటలో ఉప్పు పోశారుగా, అది ఏటేటా ఇనుమును ఎంత తింటుందో మీకు తెలుసా? నాకూ కచ్చితంగా తెలీదు. అందుకే."

సాయంత్రంలోపు పట్టీ మార్చాం. వెల్డింగ్ జరుగుతుండగా చినుకులు మొదలయ్యాయి. పరదా ఒక కొస ఓనరు, ఒక కొస ఆమె పట్టుకుని మా మీద కప్పి నిలబడ్డారు. పత్తి బస్తా మీదే కాగితం పెట్టి సంతకం చేసి, బస్సు కోసం గేటు వైపు నడుస్తూ నన్ను అడిగారు.

"ఇంకా ఎక్కడన్నా ఇట్లాగే వేశారా?"

"లేదు మేడమ్."

ఆమె నా మొహం వైపు కాసేపు చూసి, "మంచిది" అన్నారు.

మూడు చోట్ల వేశాను.

ఏడాది పైనే గడిచింది. ఆ మధ్య నా పనులు నాలుగైదు ఆమె చూశారు. అన్నీ సరిగ్గా చేశాను. తవ్వించడం కూడా తగ్గించారు. "మీరు మారారండీ" అని ఒకసారి అందరి ముందూ అన్నారు. పాత మూడు చోట్ల సంగతి మాత్రం రాత్రి పడుకుంటే గుర్తొచ్చేది, పొద్దున మరిచిపోయేవాణ్ణి.

మార్చి నెలలో ఒక కారం మిల్లు ఓనరు ఫోన్ చేశాడు. గుంటూరు శివార్లలో ఉంది ఆ మిల్లు. ఆ మూడింటిలో ఒకటి. "మేడమ్ తనిఖీకి వస్తన్నారంట. వేసిన కాంట్రాక్టరు కూడా ఉండాలన్నారు, రాండి" అన్నాడు. అక్కడ నేను పట్టీ కూడా వెయ్యలేదు. పైన మూరెడు పట్టీ, లోపల ఎనిమిదో నంబరు తీగ, నాలుగు మిల్లీమీటర్ల లావుది. అప్పటికి ఆయన ఇంకో రెండు మెషీన్లు పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ కూడా పెద్దది చేయించుకున్నాడు.

"ఒక పూట మిల్లు ఆపండి, ఎర్త్ కొంచెం బాగు చెయ్యాలి" అన్నాను.

"సీజన్లో ఆపమంటారేందండీ? నాలుగేళ్ళ నుంచి ఆడతానే ఉందిగా!"

నేను మళ్ళీ అడగలేదు. గట్టిగా అడిగితే ఎందుకో చెప్పాల్సి వస్తుంది.

ఆ రోజు పదకొండు గంటలకు ఆమె వచ్చారు. లోపల ఘాటు. తొడిమలు తీసే ఆడవాళ్ళు పదిహేనుమంది దాకా ముక్కులకు గుడ్డలు కట్టుకుని, మిర్చి నింపిన గోనె టిక్కీల మధ్య కూర్చుని ఉన్నారు. ఆమె కూడా కొంగు ముక్కుకి చుట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ అంతా చూశారు. చివరికి బయట ఎర్త్ గుంట దగ్గరికి వచ్చాం. మండే ఎండ. రేగడి నేల నెర్రెలిచ్చి ఉంది. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఇక్కడ తవ్వాలా, మీ మాట చాలా?" అని నవ్వుతూ అడిగారు.

చెప్పడానికి అంతకంటే సులువైన సమయం నాకు మళ్ళీ రాలేదు.

"చాలు మేడమ్. ఇది బానే వేశాను."

"సరే" అన్నారు. నోట్‌బుక్‌లో టిక్కు పెట్టారు. ఇద్దరం లోపలికి వెళ్ళాం.

పది నిమిషాలు గడిచాయో లేదో, మధ్యలో ఉన్న మెషీన్ మోటారు దగ్గర ఫటేల్‌మని పెద్ద చప్పుడైంది. లైట్లు ఒక్కసారి కుంగి మళ్ళీ వెలిగాయి. మిల్లు ఆగలేదు. ఆగాలి. ఫ్యూజు పోయి ఆగిపోవాలి. ఎందుకు ఆగలేదో ఆ షెడ్డులో నా ఒక్కడికే తెలుసు. మరు క్షణం, మెషీన్ గరాటులో కాయలు పోస్తున్న మనిషి కెవ్వున అరిచి వెల్లకిలా పడింది.

మేడమ్ చేతిసంచిలోంచి టెస్టర్ తీసి పక్క మెషీన్‌కి ఆనించారు. వెలిగింది. ఇంకోదానికి. వెలిగింది. అన్నీ ఒకే పట్టీకి కలిపి ఉన్నాయి గదా, అన్నిటి ఒళ్ళలోనూ కరెంటు ఉంది.

"ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు!" అంత చప్పుడులోనూ ఆ గొంతు గోడలకు తగిలింది. "ఇనుము ఏదీ ముట్టుకోవద్దు. ఉన్నచోటే ఉండండి. తుమ్మొస్తే కింద కూర్చోండి, దేన్నీ పట్టుకోవద్దు!"

పడిపోయినామె మెషీన్‌కి దూరంగానే పడింది. పక్కనున్నావిడ ఆమెను టిక్కీల మీదికి లాక్కుంది. ఊపిరి ఆడుతోంది. వేళ్ళు కాలాయి. మిగతావాళ్ళు కొయ్యబారి నిలబడ్డారు. ఇరుకు షెడ్డు. ఎటు చెయ్యి చాపినా మెషీనో, కడ్డీయో.

అప్పుడు మిల్లు ఫిట్టరు కదిలాడు. నలభై ఏళ్ళ మనిషి, మంచి పనివాడు. "నేను మెయిన్ తీసేస్తా ఉండండి" అంటూ గోడనున్న ఇనప ప్యానెల్ వైపు గబగబా నడిచాడు. ఆ ప్యానెల్ ఒళ్ళూ అదే పట్టీకి కలిసి ఉంది.

"ఆగండి! ముట్టుకోవద్దు!" అని ఆమె అరిచారు.

"రోజూ తీసేదేగా మేడమ్" అన్నాడు వెనక్కి చూడకుండా. చెయ్యి చాపాడు.

ఆమెకూ అతనికీ మధ్య పదిహేను అడుగులుంటాయి. పరిగెత్తినా అందుకోలేరు. ఆమె వంగి, కాలి చెప్పు తీసి విసిరారు. అది పోయి అతని మెడ మీద తగిలింది.

అతను గిర్రున తిరిగాడు. మొహం నల్లబడింది. అంతమంది ఆడవాళ్ళ ముందు. "నన్ను... చెప్పుతో కొడతావా?" అంటూ ఆమె వైపు నాలుగు అడుగులు వేశాడు. ప్యానెల్‌కి దూరమయ్యాడు.

"కొట్టాను. ఆ సంగతి తర్వాత చూద్దాం. అక్కడే ఆగు. దాన్ని ముట్టుకుంటే చచ్చిపోతావు" అన్నారు. అతను ఆగాడు. కోపంతో ఆగాడో, అర్థమై ఆగాడో తెలీదు.

ఓనరు ఆఫీసు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఫీడర్ ఆపమనండి" అని అతనికి చెప్పారు.

"ఫీడర్ ఆపితే ఈ వైపంతా కరెంటు పోద్ది మేడమ్! అన్ని మిల్లులూ నన్నే తిడతారు. మావాడు చూసుకుంటాడు..."

ఆమె అతనితో వాదించలేదు. నా వైపు తిరిగారు. "మీరు వెళ్ళి చెయ్యండి. చేతులు ఒంటికి ఆనించుకుని నడవండి."

రెండు మెషీన్ల మధ్య దారి. భుజానికీ ఇనుముకీ మధ్య జానెడు. నేను పాతిపెట్టిన తీగ తెగిపోయి, అందులోంచి పోవలసినదంతా నా రెండు భుజాల పక్కన నిలబడి ఉంది. ఫోనందుకుని సబ్‌స్టేషన్ ఆపరేటరుకి చెప్పాను. అతను నమ్మలేదు. "మేడమ్‌ని లైన్లోకి రమ్మనండి" అన్నాడు.

"రాలేరయ్యా! ఆమె కదిలితే ఇక్కడ అందరూ కదుల్తారు. నీకు దణ్ణం పెడతా, ఆపు!"

ఫోను పట్టుకుని తలుపులోంచి చూశాను. ఆమె ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. చెప్పు లేని పాదం సిమెంటు నేలకు ఆనకుండా పైకెత్తి, రెండు చేతులూ గుండెలకు కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా. కారం ఘాటుకి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఒక్కొక్కరి వైపూ చూస్తూ, "బాగుంది... అట్లాగే ఉండమ్మా... నువ్వు కూర్చో తల్లీ, టిక్కీ మీద కూర్చో..." అంటున్నారు. ఒక ముసలామెకు తుమ్ములు ఆగడం లేదు. తూలినప్పుడల్లా షెడ్డంతా ఊపిరి బిగబట్టింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఏడవలేదు.

ఎంతసేపో చెప్పలేను. ఉన్నట్టుండి లైట్లు పోయాయి. మెషీన్లు మూలుగుతూ మూలుగుతూ నెమ్మదించాయి. అంత నిశ్శబ్దం ఆ మిల్లులో ఎప్పుడూ విని ఉండరు. ఆమె పైకెత్తిన కాలు దించి, పక్కనున్న టిక్కీ మీద కూలబడ్డారు.

కాలిన వేళ్ళామెను ఆటోలో ఆస్పత్రికి పంపాక, మేడమ్ ఒక కాలికే చెప్పుతో బయటికి వచ్చి గుంట దగ్గర నిలబడ్డారు. ఈసారి ఆమె చెప్పకుండానే గునపం నేనే తీసుకున్నాను. అడుగున్నర లోతులో తీగ కొస దొరికింది. తెల్లగా పొడి కట్టి, సూది మొనలా సన్నబడి, చివర కరిగి ముద్దయింది.

దాన్ని ఆమె చాలాసేపు చూశారు. నా మొహం వైపు చూడలేదు.

"నేను తవ్వించాల్సింది" అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది.

కాసేపయ్యాక అడిగారు. "ఇంకా ఎక్కడ?"

"పిడుగురాళ్ళలో సున్నం మిల్లు. వినుకొండలో నూనె మిల్లు."

"నిజంగా రెండేనా?"

"రెండే మేడమ్."

వారం తిరక్కుండానే ఆమె మీద ఫిర్యాదు వెళ్ళింది. తనిఖీ పేరుతో వచ్చి పనివాణ్ణి చెప్పుతో కొట్టారని, అధికారం లేకుండా ఫీడర్ ఆపించి సీజన్లో ఆ లైను మిల్లులన్నిటికీ నష్టం తెచ్చారని. రాసింది ఓనరు. కింద ఫిట్టరు సంతకం. అందులో తీగ మాట ఎక్కడా లేదు. ఆమె చెబితే సాకు అంటారు, తీగ సంగతి నేనే రాయాలి. రాస్తే నా లైసెన్సు పోతుంది. మూడోరోజు కాగితం రాసుకుని ఆమె ఆఫీసుకి వెళ్ళాను.

చదివి వెనక్కి ఇచ్చేశారు. "ఇప్పుడు కాదు" అన్నారు.

"మీ మీద చర్య తీసుకుంటారు మేడమ్."

"తీసుకోనివ్వండి. ఇది ఇవాళ ఇస్తే రేపు మీ లైసెన్సు ఆపుతారు. లైసెన్సు లేని మనిషిని ఆ రెండు మిల్లుల్లోకి ఎవరు రానిస్తారు? అక్కడ ఎంతమంది పని చేస్తారు?"

"ఒక్కో చోట ఇరవై, పాతికమంది."

"ముందు అవి తవ్వండి. తర్వాత రాయండి. రాయకపోయినా నేను వచ్చి అడగను. తవ్వకపోతే మాత్రం మీ ఇంటికి వస్తాను."

పిడుగురాళ్ళలో ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. వినుకొండ ఓనరు, "వేసినప్పుడు బాగుందన్నావు, ఇప్పుడు బాలేదంటన్నావు, నీ మాట ఏది నమ్మాలి?" అని అందరి ముందూ నిలదీశాడు. నిజం చెప్పాను. గుమ్మంలోంచి లోపలికి రానివ్వలేదు గానీ, గుంట దగ్గరికి రానిచ్చాడు. రెండు చోట్లా పట్టీ మార్చి, ఫోటోలు తీసి ఆమెకు చూపించాను. లెన్సు పెట్టి అతుకులు చూశారు. "ఇప్పుడు రాయండి" అన్నారు.

విచారణకు హైదరాబాదు నుంచి ఒక పెద్దాఫీసరు వచ్చారు. గదిలో ఓనరు, ఫిట్టరు, ఆమె, నేను. నా కాగితం నన్నే చదవమన్నారు. ఎనిమిదో నంబరు తీగ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. ఎర్త్ బాగుందని మేడమ్‌కి నేనే అబద్ధం చెప్పానని కూడా చదివాను.

ఆఫీసరు ఆమెను అడిగారు. "ఇతను అబద్ధం చెప్పాడు, నిజమే. మీరు తవ్వించి చూడలేదెందుకు?"

ఆ ప్రశ్నకు ఎన్ని జవాబులైనా ఉన్నాయి. రూలు ప్రకారం ప్రతిసారీ తవ్వించనక్కర్లేదు. ఆమె ఏదీ చెప్పలేదు. "నమ్మాను సార్. అది తప్పు. రాసుకోండి" అన్నారు.

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న ఫిట్టరు తలెత్తి నన్ను అడిగాడు. "ఏమండీ, నేనప్పుడు చెయ్యి పెట్టుంటే?"

"పోయేవాడివి" అన్నాను.

ఓనరు ఏదో అనబోతే ఆఫీసరు చెయ్యెత్తి ఆపారు.

నా లైసెన్సు ఏడాది పాటు ఆపేశారు. ఆ ఓనరు మిల్లుకి మేడమ్ ఆ రోజే ఆపించిన సర్వీసు, ఎర్త్ అంతా కొత్తగా వేసేదాకా ఇవ్వొద్దన్నారు. ఆమెకు ఒక మెమో, ఒంగోలుకి బదిలీ. ఆ కాగితాలు వెంటనే ఇచ్చారు. తీసుకుని ఆమె వరండాలోకి వచ్చేసరికి నేను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. ఫిట్టరు మా దగ్గరికి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, విప్పాడు.

"మేడమ్, మా ఇంటికాడ బోరు మోటారుంది. బట్టలుతికేటప్పుడు పంపు పట్టుకుంటే చురుక్కుమంటదని మా ఆవిడ ఆర్నెల్ల నుంచి చెప్తా ఉంది. నేనే పట్టించుకోలా."

ఆమె చేతిలో కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. "ఇల్లు ఎంత దూరం?"

"ఆటోలో పావుగంట."

"పదండి."

ముగ్గురం ఒకే ఆటోలో వెళ్ళాం. ఊరి చివర రెండు గదుల రేకుల ఇల్లు. పెరట్లో బోరు, బట్టలుతికే బండ, చుట్టూ ఎప్పుడూ తడి. మోటారు నుంచి ఎర్త్ తీగ రెండు జానలు వచ్చి, టేపు చుట్టుకుని ఆగిపోయింది. దాని అవతల ఏమీ లేదు. మిల్లులో పాతికమందికి ఫ్యూజులు కట్టే మనిషి ఇల్లు అది. అతను సిగ్గుపడ్డాడు. నాకు అతని వైపు చూడబుద్ధి కాలేదు, అతనిలో నన్ను చూసుకున్నట్టుంది.

ఆమె మోటారు మీది అంకెలు చదివి, బండ మీద కూర్చుని లెక్క వేసి, "దీనికి ఎనిమిదో నంబరు తీగ చాలు. ఎక్కువ దండగ" అన్నారు. నేను వెళ్ళి తీగ, గొట్టం తెచ్చాను. ఫిట్టరూ నేనూ వంతులవారీగా గుంట తీశాం. అతని భార్య బొగ్గులు నలగ్గొట్టి ఇచ్చింది, ఇంట్లో ఉప్పు డబ్బా తెచ్చి బోర్లించింది. ఈ వచ్చినావిడ ఎవరో ఆమెకు తెలీదు. మొగుడు చెప్పలేదు. టీ పెట్టి ఇస్తే మేడమ్ తాగి, ఇంకో అరగ్లాసు అడిగారు.

ఎండ తగ్గుముఖం పట్టేసరికి గుంట పూడ్చి, నీళ్ళు పోసి, మోటారు వేశాం. మేడమ్ టెస్టర్ పెట్టి చూశారు, మీటరు పెట్టి చూశారు. తర్వాత పక్కకు జరిగి, "ఇప్పుడు పట్టుకో అమ్మా" అన్నారు ఇంటావిడతో.

ఆమె మొగుడి వైపు చూసింది. అతను తల ఊపలేదు. తనే ముందుకు వచ్చి పంపు పట్టుకోబోయాడు. "నాకు తెలుస్తుంది ఉండు, నువ్వెప్పుడన్నా ఉతికావా" అని అతన్ని పక్కకు నెట్టి, తడిచేతినే పంపు మీద వేసింది. భయంతో కళ్ళు మూసుకుంది. మేం ముగ్గురం ఆమె చేతినే చూస్తున్నాం. కాసేపటికి కళ్ళు తెరిచి, ఇంకా నమ్మకం కుదరక రెండో చెయ్యి కూడా వేసింది.

"ఏం లేదండీ" అంది.